బానెట్ కింద ఇంకో బండి

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల. ఈ దారిలో ఎదురయ్యే పాత జీపు ఏదైనా సరే, బానెట్ ఎత్తేదాకా దాని కులగోత్రాలు చెప్పలేం. ముందు గ్రిల్లు విల్లీస్‌ది. ఆర్‌సీ బుక్కులో ఇంధనం పెట్రోలు. లోపల మోగేది ప్యూజో డీజిల్. దాని వెనక గేర్‌బాక్సు వేరే మోడల్‌ది, క్రౌన్ పినియన్ ఇంకో బండిది. ఇంజన్ మార్పిడి అనే పని కడప జిల్లాలో ఏళ్ల తరబడి మేస్త్రీల చేతుల్లో, వాళ్ల నోటిమాటల్లో నడిచింది. అది ఎందుకు మొదలైంది, ఎక్కడ కుదిరింది, ఎక్కడ బెడిసింది, ఇప్పుడు చేయిస్తే ఏమవుతుంది అన్నవి ఒకచోట పెట్టి చూడాల్సిన సమయం వచ్చింది. ఎందుకంటే నిన్నటిదాకా పెట్రోలు ఇంజన్ పీకి పక్కన పారేసినవాళ్లే ఇవాళ అదే ఇంజన్ కోసం చెన్నై పుదుపేట పాత సామాన్ల అంగళ్లు గాలిస్తున్నారు.

ఇంజన్ మార్చడం అనగానే కుర్రాళ్లకు అమెరికా మజిల్ కార్లు గుర్తొస్తాయి. రావడం సహజమే. ఆ జాతి పుట్టుకే ఒక రకంగా ఇంజన్ మార్పిడి. 1964 మోడల్‌గా పోంటియాక్ కంపెనీ తన మధ్యరకం కారు టెంపెస్ట్‌లో, పెద్ద కార్లకు వాడే 389 క్యూబిక్ అంగుళాల, అంటే 6.4 లీటర్ల వీ8 ఇంజన్ కూర్చింది. ఆ సైజు కార్లలో 330 అంగుళాలు దాటకూడదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ పెట్టుకున్న నియమాన్ని, దాన్ని ఒక ఐచ్ఛిక ప్యాకేజీగా చూపించి దాటేశారు. అదే జీటీఓ. అక్కడ సరదా వేగం. మన దగ్గర కథ వేరు. ఇక్కడ ఇంజన్ మార్చినవాడికి కావాల్సింది లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ రావడం.

జీపు ఈ ప్రాంతానికి ఎందుకంతగా అతుక్కుపోయిందో చెప్పడానికి సినిమాలు చాలవు. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పటి నుంచి సీమ అంటే గాల్లోకి లేచే సుమోలే అనుకునే వాళ్లు తయారయ్యారు. సుమో వచ్చిందే 1994లో. అంతకు చాలా ముందునుంచీ ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల బండల గనులకూ, పులివెందుల వైపు ముగ్గురాయి గనులకూ, వానొస్తే అడుగు తీసి అడుగు వేయలేని రేగడి చేలకూ పోయిన బండి జీపు. పల్లె నుంచి టౌనుకు మనిషికింత అని తీసుకుని, వెనక రాడ్డు పట్టుకుని వేలాడేవాళ్లతో సహా తిప్పిన బండి కూడా అదే. వర్గ రాజకీయాలకు అది వాడుకైన మాట నిజమే గానీ, చేసిన పనిలో అది చిన్న భాగం.

ఆ బండి లోపల ఉన్నదేమిటి? రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్‌లో 2,199 సీసీల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, 60 హార్స్‌పవర్. యుద్ధం అయ్యాక 1947లో మహీంద్రావాళ్లు బొంబాయిలో ఆ జీపులను బిగించడం మొదలుపెట్టారు. 1953లో విల్లీస్ కంపెనీ సీజే-3బీ తెచ్చింది. అందులో అదే 2.2 లీటర్ల దిమ్మె, కానీ ఇన్‌లెట్ వాల్వులు పైకెక్కాయి, శక్తి 75 హార్స్‌పవర్‌కు పెరిగింది. వాల్వులు పైకి పోవడంతో ఇంజన్ ఎత్తు పెరిగి పాత బానెట్ మూత పడలేదు. దాంతో గ్రిల్లూ బానెట్టూ పైకి లేపారు. మనవాళ్లు ‘హై బానెట్’ అని పిలిచే ఆ ముఖం, మన దేశంలో దశాబ్దాలపాటు తయారైన ఆ ముఖం, ఇంజన్ మార్పు వల్ల పుట్టిందే. అంటే ఇంజన్ మార్చితే బాడీ కూడా ఒప్పుకోవాలన్న పాఠం కంపెనీయే మొదట నేర్చుకుంది.

పెట్రోలు జీపు లీటరుకు పది కిలోమీటర్లు కూడా ఇవ్వదు. బండల లోడు మీద తిరిగేవాడికీ, మనిషికింత అని తోలేవాడికీ అది గిట్టదు. డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉన్నన్ని రోజులూ పెట్రోలుకన్నా బాగా తక్కువ. ఆ తేడాయే మన ఇంజన్ మార్పిడి పరిశ్రమకు పెట్టుబడి. కంపెనీ కూడా అదే దారి పట్టింది. 1963లో మహీంద్రా, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి ట్రాక్టర్ కంపెనీ పెట్టాయి. ఆ కంపెనీ బీ-275 ట్రాక్టర్ ఇంజన్ తర్వాత జీపులోకి దిగింది. 1980ల్లో ప్యూజో లైసెన్సుతో 2,112 సీసీల డీజిల్ వచ్చి, మహీంద్రా ఎంఎం 540 జీపులో కూర్చుంది. దాని తర్వాత 2.5 లీటర్ల ప్యూజో ఆర్మడా, మార్షల్ మీదుగా మొదటి బొలెరోల దాకా నడిచింది. ఇటు కంపెనీ ఏం వేస్తే, కొన్నేళ్లకు ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్ల నుంచి అదే ఇంజన్ మన షెడ్లకు చేరేది. పాత విల్లీస్ వెయిటింగ్‌లో ఉండేది.

ట్రాక్టర్ ఇంజన్ వేయించుకున్నవాళ్లు మొదట మురిసిపోయారు. చవక, విరగదు, పల్లెలో ఏ మెకానిక్ అయినా విప్పుతాడు. కష్టం రోడ్డెక్కాక తెలిసింది. ఇక్కడ కొంచెం లెక్క వేయక తప్పదు. సీజే-3బీ జీపు క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు. అంటే ఇంజన్ వైపు షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 16 అంగుళాల రిమ్ముకు వేసే పాత సన్న టైరు ఒక చుట్టుకు దాదాపు రెండుంపావు మీటర్లు కదులుతుంది. టాప్ గేరులో గేర్‌బాక్సు ఏమీ తగ్గించదు. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే బండి గంటకు 50 కిలోమీటర్లు. పెట్రోలు ఇంజన్ 4,000 దాకా సులువుగా పోతుంది కాబట్టి ఆ లెక్క దానికి సరిపోయింది. 2,000 చుట్టుపక్కలే ఊపిరి అయిపోయే ట్రాక్టర్ ఇంజన్‌కు, ప్రొద్దుటూరు నుంచి కడపకు పోయేలోపు ఆర్టీసీ బస్సులన్నీ హారన్ కొట్టి దాటేసి పోతాయి. డ్రైవరు ఇంకాస్త తొక్కుతాడు, ఇంజన్ వేగాన్ని పట్టి ఉంచే గవర్నర్ అడ్డం పడుతుంది, పొగ తప్ప వేగం రాదు. తప్పు ఇంజన్‌ది కాదు, క్రౌన్ పినియన్ మార్చకుండా ఇంజన్ ఒక్కటే మార్చడంలో ఉంది.

దీనికి షెడ్లు కనిపెట్టిన మందు, వెనక క్రౌన్ పినియన్ తీసేసి 4.88 లాంటి తక్కువ రేషియోది వేయడం. మందు మంచిదే, సగం డోసు ఇస్తేనే ప్రమాదం. ముందు ఇరుసులో 5.38, వెనక 4.88 పెట్టుకుని తారురోడ్డు మీద తిరిగినంతకాలం ఏమీ కాదు, ఎందుకంటే అప్పుడు ముందు చక్రాలకు శక్తి అందడం లేదు. వానాకాలం రేగట్లో దిగబడి ఫోర్ వీల్ లివర్ లాగిన రోజున, ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఇంకో లెక్కన తిరగబోతాయి. బురద మెత్తగా ఉంటే టైర్లు జారి సర్దుకుంటాయి. కాస్త గట్టి నేల తగిలిందా, ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లో, జాయింటు క్రాసో, యాక్సిల్ షాఫ్టో, ఏది బలహీనంగా ఉంటే అది పోతుంది. పాత డీజిల్ జీపు కొనేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా ఇదే: ఇంజన్ శబ్దం వినేముందు జాకీ వేసి ముందు, వెనక షాఫ్టుల చుట్లు లెక్కపెట్టండి. రెండు లెక్కలూ ఒకటి కాకపోతే ధర మాట తర్వాత.

గేర్‌బాక్సు దగ్గరే అసలు పనితనం. ఇంజన్‌కు ఎన్ని గుర్రాల శక్తి ఉన్నా, దాని వెనక బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలు పాత గేర్‌బాక్సు రంధ్రాలతో కలవవు. అప్పుడు మధ్యలో ఒక ఇనుప ప్లేటు కోయించి వేస్తారు. గ్యాస్ కట్టర్‌తో కోసి, డ్రిల్లు కొట్టి, ‘కూర్చుంది కదా’ అని బిగించే షెడ్లు కొన్ని. లేత్ మీద ఎక్కించి, క్రాంకు కేంద్రమూ గేర్‌బాక్సు బోరు కేంద్రమూ ఒకటే అయ్యేలా డయల్ గేజీ పెట్టి చూసే షెడ్లు కొన్ని. రెండింటికీ మజూరీలో తేడా ఉంటుంది, కానీ ఏడాది తిరిగాక రిపేరులో ఉండే తేడా అంతకన్నా పెద్దది. ఈ కేంద్రం దాదాపు 0.13 మిల్లీమీటర్లకు మించి పక్కకు పోకూడదని పెద్ద ఇంజన్ల పనివాళ్లు లెక్క పెట్టుకుంటారు. అది దాటితే క్లచ్ వదిలేటప్పుడు బండి వణుకుతుంది, గేరు దానంతటది జారి బయటికొస్తుంది, ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు గోల పెడుతుంది. జనం గేర్‌బాక్సు పోయిందనుకుని ఇంకోటి కొంటారు. అదీ పోతుంది. ఇంకొకటి: ప్లేటు మందం ఎంతుందో, ఇన్‌పుట్ షాఫ్టు ముక్కు క్రాంకులోని బుష్‌కు అంత దూరంలో ఆగిపోతుంది. పొడుగు బుష్ తిప్పించి వేయకపోతే షాఫ్టు గాల్లో వేలాడుతూ తిరుగుతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు.

ప్రొద్దుటూరులో ఒక షెడ్డులో ఈ బిగింపు చూశాను. చైన్ కప్పీకి గేర్‌బాక్సు వేలాడుతోంది. కింద పడుకున్న కుర్రాడు దాన్ని రొమ్ముకానించి ముందుకు నెడుతున్నాడు. క్లచ్ ప్లేటును ముందే పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్కతో మధ్యకు సర్ది ప్రెషర్ ప్లేటు బిగించారు. అంతా వచ్చి, చివర ఒక అంగుళం సందు మిగిలింది. కుర్రాడు రెండు బోల్టులు ఎక్కించి స్పానర్ అందుకోబోయాడు. పెద్దాయన అరిచాడు: “అబ్బీ, బోల్టులతో లాగొద్దురా! దానంతట అది పోవల్ల.” గేరు ఒకటి వేయించి, వెనక యోకు చేత్తో మెల్లగా తిప్పమన్నాడు. పావు చుట్టు తిరిగిందో లేదో, లోపల గాడిలో గాడి పడి, ‘టక్’మని ఆ అంగుళం మూసుకుంది. అదే బోల్టులతో లాగి ఉంటే క్లచ్ ప్లేటు నడుం వంగిపోయేది, లేదా హౌసింగ్ చెవి చిట్లేది. రెండూ ఆ రోజు తెలియవు. పులివెందులలో 2006 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇలాంటి మేస్త్రీల చేతి విద్యను కొలతలతో సహా రాయించే ప్రాజెక్టు ఒకటి మెకానికల్ విద్యార్థులకు ఇస్తే, ఎక్కడో దొరికే రిపోర్టు కాపీ కొట్టడం కన్నా మేలు కదా అనిపించింది.

క్లచ్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. క్లచ్, బ్రేకు లైనింగులకూ, హెడ్ గ్యాస్కెట్లకూ ఒకప్పుడు ప్రపంచమంతా వాడిన క్రిసోటైల్ రాతినార పులివెందుల ప్రాంతపు నేలలోనే దొరికేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ఎంత చేటో తర్వాత తెలిసింది. పాత జీపు బ్రేకు డ్రమ్ము విప్పగానే నోటితో ‘ఉఫ్’మని ఊదే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. తడిగుడ్డతో తుడవాలి, అంతే.

బ్రేకుల గురించి అడిగేవాళ్లే తక్కువ. విల్లీస్ కుటుంబానికి 9 అంగుళాల డ్రమ్ములు, బూస్టరు లేదు. ఆ బండి బరువుకూ వేగానికీ అవి ఏదో సరిపోయాయి. దాని మీద బరువైన డీజిల్ ఎక్కిస్తే ముక్కు కిందికి వాలుతుంది, ముందు కమాను కట్టలు చదునవుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. బూస్టరు పెట్టిస్తాం అంటారు. పెట్రోలు ఇంజన్‌కు ఇన్‌లెట్ వైపు దానంతటదే శూన్యం ఏర్పడుతుంది కాబట్టి బూస్టరు పనిచేస్తుంది. డీజిల్‌కు అక్కడ గాలి మూత ఉండదు, శూన్యమూ ఉండదు. ఆల్టర్నేటర్‌తో తిరిగే వ్యాక్యూమ్ పంపు కూడా ఇంజన్‌తో పాటు రావాలి. అది లేకుండా బూస్టరు తగిలించిన బండి చూడటానికి పెద్దబండే, తొక్కితే మాత్రం రాయి మీద కాలు పెట్టినట్టే. ఇక పాత విల్లీస్‌ది 6 వోల్టుల కరెంటు. డీజిల్‌కు 12 వోల్టుల పెద్ద బ్యాటరీ, హీటర్ ప్లగ్గులు, కొత్త వైరింగు అంతా కావాలి. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో చిన్న రేడియేటర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈ మధ్య టర్బో డీజిల్ మోజు పెరిగింది. పాత విల్లీస్ ఇంజన్ టార్కు సుమారు 142 న్యూటన్ మీటర్లు. ఇప్పటి థార్ 2.2 డీజిల్ 300. మొదటి గేరు 2.80, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.46, క్రౌన్ 5.38, మూడూ గుణిస్తే పాత జీపు ఇంజన్ టార్కు చక్రానికి చేరేసరికి 37 రెట్లవుతుంది. గండికోట వైపు రాళ్లదారుల్లో ఆ జీపు నడకలా ఎక్కిందంటే దీనివల్లే. అదే మూడు గేర్ల బాక్సు ముందు రెండింతల టార్కు పెడితే పళ్లు ఎన్నాళ్లుంటాయో ఊహించుకోవచ్చు. పైగా కొత్త ఇంజన్లకు కంప్యూటరూ, వైరింగు కట్టా, తాళంచెవి గుర్తుపట్టే చిప్పూ లేనిదే పంపు పలకదు. మేస్త్రీలు బొలెరో పాత డీఐ ఇంజన్నే ఇష్టపడటానికి కారణం అదే, పంపు మొత్తం చేత్తో విప్పి బిగించగలిగింది.

కుదిరిన మార్పిడికీ కుదరనిదానికీ తేడా చూడాలంటే షెడ్లు దాటి కంపెనీల దగ్గరికే పోవచ్చు. మన దేశపు మజిల్ కారు అని ముద్దుగా పిలిచే హిందుస్థాన్ కాంటెస్సా 1984లో వచ్చింది. ఒళ్లు ఇంగ్లండు వాక్స్‌హాల్ విక్టర్‌ది, లోపల అంబాసిడర్‌లోని 1,489 సీసీల ఇంజన్. చూస్తే పులి, తొక్కితే కదలదు. కొన్నేళ్లకు జపాన్ ఇసుజు 1,817 సీసీల ఇంజన్ వేశారు, 88 హార్స్‌పవర్. ఆ ఇంజన్‌తో పాటు దాని ఐదు గేర్ల బాక్సు కూడా వచ్చింది, కారు మనిషైంది. 2002లో తయారీ ఆగేదాకా దాని పేరు నిలబెట్టింది ఆ జత. అదే దశకంలో మద్రాసు స్టాండర్డ్ మోటార్స్ రోవర్ ఎస్‌డీ1 బాడీ తెచ్చి, అందులో ఎప్పటిదో వాన్‌గార్డ్ రెండు లీటర్ల ఇంజన్ కూర్చి ‘స్టాండర్డ్ 2000’ అని అమ్మింది. కారు ఎక్కువ కాలం నిలవలేదు. ప్రీమియర్ వాళ్లు 118 ఎన్‌ఈలో నిస్సాన్ 1,171 సీసీల ఇంజన్‌ను దాని గేర్‌బాక్సుతో సహా పెట్టి నెగ్గుకొచ్చారు. మూడు ఉదాహరణలూ ఒకటే చెబుతున్నాయి: ఇంజన్‌తో పాటు దాని గేర్‌బాక్సూ ఒకే జతగా రావాలి. జీపులకైనా అంతే. ప్యూజో ఇంజన్‌ను ఎంఎం 540 బాక్సుతో, వీలైతే దాని ముందు వెనక ఇరుసులతో సహా ఎత్తుకొచ్చి వేసిన బండ్లే ఇవాళ్టికీ సణుగుడు లేకుండా తిరుగుతున్నాయి. తలొక బండి నుంచి తలొక ముక్క తెచ్చినవి షెడ్డు చుట్టూనే తిరుగుతున్నాయి.

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దీన్నే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అరిగిన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ వేసుకోవడం వేరు. ముందే అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకుంటే చిక్కు లేదు. పెట్రోలు జీపును పాత సామాన్ల డీజిల్‌తో నడిపించడం మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసీచూడనట్టు పోయినంతకాలమే. ప్రమాదం జరిగి బీమా సర్వేయరు బానెట్ ఎత్తినప్పుడు ఆ నంబరు తేడాయే మొదట బయటపడుతుంది. బిల్లు లేని ఇంజన్ ఏ దొంగబండిదో అయితే పోలీసు స్టేషను కూడా చూడాల్సి వస్తుంది. చట్టం తెరిచి ఉంచిన దారి ఒకటుంది: ఆమోదం పొందిన కిట్టుతో గ్యాసుకో బ్యాటరీకో మార్చుకోవడం. పాత జీపుకు కరెంటు మోటారు అంటే మేస్త్రీలు నవ్వుతారు గానీ, ఇప్పుడు చట్టబద్ధంగా ఇంధనం మార్చాలంటే ఇలాంటి కిట్టే దిక్కు.

మార్పిడి లెక్క తలకిందులైంది కాగితాల వల్ల మాత్రమే కాదు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం చేయి తీసేశాక పెట్రోలుతో తేడా కరిగిపోతూ వచ్చింది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే జీపులే లేవు, ఆ పని ఆటోలూ బొలెరోలూ అందుకున్నాయి. మిగిలిన జీపు ఇంట్లో తాత గుర్తుగానో, పండక్కి ఊరు తిరగడానికో ఉంది. అలాంటి బండికి మైలేజీతో పనేముంది? 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండికి, ఇరవై వేల ఫీజుతో, ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. ముఖ్యమైన షరతు: ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేయనిదై ఉండాలి. 1975కు ముందు నాటి జీపులన్నీ ఇప్పుడు వయసు రీత్యా అర్హమైనవే. ప్యూజో వేసిన ప్రతిదీ అనర్హమే.

అందుకే పుదుపేట వెతుకులాట. పాత పెట్రోలు ఇంజన్ దొరికినా కథ అయిపోలేదు. డీజిల్ కోసం కోసేసిన ముందు క్రాస్ మెంబరు మళ్లీ అతకాలి, ఇంజన్ మౌంటింగులు పాత చోటికి రావాలి, ఆర్‌సీలో ఉన్న నంబరుకూ దొరికిన దిమ్మె మీది నంబరుకూ లంకె కుదరాలి. నంబరు కుదరకపోతే ‘అదే రకం ఇంజన్’ అన్న అనుమతి కోసం మళ్లీ ఆర్టీఓ ఆఫీసుకే పోవాలి. ఇంకా పాత ఇంజన్‌తోనే ఉన్న జీపు ఎవరి కొట్టంలోనైనా ఉంటే, ఎంత పొగ పోసినా, ఎంత తాగినా, దాన్ని బోరు చేయించి, హెడ్ దింపి, అదే దిమ్మెను బాగుచేయించుకోవడమే అన్నింటికన్నా చవక. ఇప్పటికే డీజిల్ వేయించుకున్నవాళ్లు దాన్ని పీకించే హడావుడిలో పడకుండా, ముందు రెండు క్రౌన్ పినియన్లూ, బ్రేకులూ సరిచూసుకుంటే బండి ఇంకో పదేళ్లు పొలం దారుల్లో పనికొస్తుంది.